మెగ్నీషియం ఎక్కడ పోతోంది?

రాత్రి పొద్దుపోయాక అమెరికా వాళ్లతో కాల్ ముగించి పడుకుంటే పిక్క పట్టేస్తుంది. లేదంటే రెండు రోజులుగా కంటిరెప్ప అదురుతూనే ఉంటుంది. ఫోన్‌లో వెతికితే మెగ్నీషియం తక్కువైందన్న జవాబు దొరుకుతుంది, వెంటనే బిళ్ళల ప్రకటన కనిపిస్తుంది, మర్నాటికి డబ్బా గుమ్మంలో ఉంటుంది. హైదరాబాద్‌లో నల్లగండ్ల, గోపనపల్లి, తెల్లాపూర్ వైపు ఐటీ ఉద్యోగుల ఇళ్లలో ఇది మామూలైపోయింది. అదే ఇంట్లో, ఊరి నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు బీపీకి, షుగర్‌కి, గ్యాస్‌కి ఏళ్ల తరబడి మందులు వాడుతుంటారు. మెగ్నీషియం నిజంగా పడిపోయే ప్రమాదం వాళ్లకే ఎక్కువ. వాళ్ల విషయం మాత్రం ఎవరికీ తట్టదు. అందుకే దీన్ని మొదటి నుంచి ఒక్కో ప్రశ్నగా విడదీసి చూద్దాం.

ఒంట్లో మెగ్నీషియానికి పనేమిటి?

పెద్దవాళ్ల ఒంట్లో మెగ్నీషియం మొత్తం కలిపి సుమారు 25 గ్రాములు ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లో, మిగతాది దాదాపు అంతా కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. రక్తరసంలో తిరిగేది ఒక శాతం కూడా కాదు.

కొలత చిన్నదే అయినా పని చాలా పెద్దది. 300కి పైగా ఎంజైములు మెగ్నీషియం తోడు లేనిదే సరిగా పనిచేయవు. కణాలు ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ అనే పదార్థం రూపంలో ఉంటుంది. ఆ ఏటీపీ మెగ్నీషియంతో జతకలిశాకే పనికొస్తుంది. కండరం బిగుసుకోవడానికి కాల్షియం కావాలి, బిగిసిన కండరం తిరిగి వదులవడానికి మెగ్నీషియం తోడ్పడాలి. నరాలు అవసరానికి మించి ఉద్రేకపడకుండా ఆపేదీ ఇదే. గుండె లయ తప్పకుండా ఉండాలంటే గుండె కణాల్లో పొటాషియం నిలవాలి, దాన్ని నిలిపి ఉంచడంలోనూ మెగ్నీషియానికి భాగం ఉంది.

తగ్గితే ఏమవుతుంది?

మొదట్లో కనిపించేవి ఏ జబ్బుకైనా సరిపోయే లక్షణాలే: ఆకలి మందగించడం, వికారం, నీరసం, ఒళ్లు బరువుగా ఉండడం. వీటిని చూసి మెగ్నీషియం అని ఎవరూ చెప్పలేరు. ఇంకా తగ్గితే చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి, వేళ్లు వణుకుతాయి. బాగా పడిపోతే మూర్ఛ రావచ్చు, గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు.

దీన్ని మంచం పక్కనే పసిగట్టే ఒక పాత పద్ధతి ఉంది. బీపీ చూసే పట్టీని చేతికి చుట్టి, పై బీపీ అంకె కంటే కాస్త ఎక్కువకి బిగించి, మూడు నిమిషాలు అలాగే ఉంచుతారు. మెగ్నీషియం, కాల్షియం బాగా తగ్గిన మనిషికి ఆ చేతి మణికట్టు లోపలికి వంగుతుంది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది, మిగతా వేళ్లు నిటారుగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. రోగి తెరవాలనుకున్నా చెయ్యి తెరుచుకోదు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ట్రూసో పేరుతో ఈ గుర్తును ఇప్పటికీ వైద్య విద్యార్థులకు నేర్పుతారు. ఇది డాక్టరు చేయాల్సిన పరీక్ష, ఇంట్లో చేసి చూసుకునేది కాదు.

అయితే పిక్క పట్టినా, రెప్ప అదిరినా మెగ్నీషియం లోపమేనా?

చాలాసార్లు కాదు. కన్ను అదిరితే కుడా ఎడమా అని శకునం చూసే అలవాటు మనకుంది. ఇప్పుడు ఆ శకునం చోటులోకి మెగ్నీషియం వచ్చి కూర్చుంది. రెప్ప అదరడానికి ఎక్కువగా కనిపించే కారణాలు నిద్ర చాలకపోవడం, కాఫీ టీలు ఎక్కువవడం, గంటల తరబడి స్క్రీన్ చూడడం, మానసిక ఒత్తిడి. ఇవి సర్దుకుంటే కొద్ది రోజుల్లో అదే తగ్గుతుంది. వారాల పాటు తగ్గకపోయినా, ముఖంలో మిగతా భాగాలూ అదురుతున్నా డాక్టరుకు చూపించాలి.

రాత్రిళ్లు పిక్కలు పట్టేయడానికీ కారణాలు అనేకం: రోజంతా కుర్చీలో కదలకుండా కూర్చోవడం, అలవాటు లేకుండా ఒక్కసారిగా జిమ్‌లో శ్రమించడం, నీళ్లు చాలకపోవడం, గర్భం, కొన్ని మందులు, థైరాయిడ్ లోపం. ఇలాంటి నొప్పులకు మెగ్నీషియం బిళ్ళలు పనిచేస్తాయా అని వచ్చిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ సంస్థ సమీక్షకులు కూడగట్టి చూశారు. పెద్ద వయసువాళ్లలో పిక్కలు పట్టేయడాన్ని ఈ బిళ్ళలు చెప్పుకోదగ్గంతగా ఆపే అవకాశం లేదని 2020లో తేల్చారు. పడుకునే ముందు పిక్కలను సాగదీసే వ్యాయామం చేస్తే కొంత మేలు, దానికి ఖర్చూ లేదు.

పొటాషియం, కాల్షియం, విటమిన్ డి తక్కువున్నాయంటే దీనికేమైనా సంబంధం ఉందా?

ఉంది. మెగ్నీషియం లోపం మరో లోపం చాటున దాక్కునేది ఇక్కడే.

మెగ్నీషియం తగ్గినప్పుడు మూత్రపిండాలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, మూత్రంలో వదిలేస్తాయి. పొటాషియం సెలైన్‌లో ఎంత ఎక్కించినా నిలవదు. మెగ్నీషియం సరిచేశాకే అది నిలుస్తుంది. కాల్షియం సంగతీ అంతే. రక్తంలో కాల్షియం పడిపోతే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ విడుదల చేసి దాన్ని పైకి తేవాలి. మెగ్నీషియం బాగా తగ్గితే ఆ గ్రంథులు హార్మోన్‌ను సరిగా వదలవు, వదిలిన హార్మోన్ మాటను ఎముకలూ వినవు. కాల్షియం బిళ్ళలు మింగుతూనే ఉన్నా తిమ్మిర్లు పోవు.

విటమిన్ డి లోపానికి వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల సాచెట్ ఐటీ కారిడార్‌లో అందరికీ పరిచయమే. ఆ విటమిన్ కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మార్పు చెందితేనే ఒంటికి పనికొస్తుంది. ఆ రెండు మార్పులు చేసే ఎంజైములకూ మెగ్నీషియం కావాలి. కాబట్టి పొటాషియమో, కాల్షియమో ఎంత ఇచ్చినా పెరగకపోతే, మెగ్నీషియం చూశారా అని డాక్టరును అడగడం న్యాయమైన ప్రశ్న.

మరి మెగ్నీషియం ఎక్కడ పోతుంది?

ఆరోగ్యంగా ఉన్న మనిషి కొన్నాళ్లు మెగ్నీషియం తక్కువ తిన్నా ఒళ్లు తట్టుకుంటుంది. మూత్రపిండాలు వెంటనే పొదుపులోకి దిగి, మూత్రంలో పోయేదాన్ని బాగా తగ్గించేస్తాయి. అందుకే తిండి ఒక్కటే కారణంగా తీవ్రమైన లోపం రావడం అరుదు. తీవ్రమైన లోపం కనిపించిందంటే ఎక్కడో కారిపోతోందని అర్థం. కుండకు చిల్లి ఉన్నప్పుడు పైనుంచి నీళ్లు పోస్తూ పోతే లాభం లేదు, ముందు చిల్లి వెతకాలి. ఆ చిల్లి ఎక్కువగా ఉండే చోట్లు ఇవి.

మొదటిది గ్యాస్ బిళ్ళ. పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ లేదా ఒమెప్రజోల్ వేసుకోవడం చాలా ఇళ్లలో పళ్లు తోముకోవడమంత సహజమైంది. డాక్టరు కొన్ని వారాలకు రాసిన బిళ్ళ ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ రకం మందులు పేగు మెగ్నీషియాన్ని పీల్చుకునే పనిని దెబ్బతీస్తాయి. దీర్ఘకాలం, ముఖ్యంగా ఏడాదికి మించి వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. ఆ సంస్థ పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా చాలలేదు, గ్యాస్ బిళ్ళ ఆపాల్సి వచ్చింది.

రెండోది బీపీకి, కాళ్ల వాపుకి ఇచ్చే నీరు లాగే మందులు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ లాంటివి ఉప్పుతో పాటు మెగ్నీషియాన్నీ మూత్రంలోకి తోసేస్తాయి. చాలా బీపీ బిళ్ళల్లో ఈ మందు వేరే మందుతో కలిసే ఉంటుంది కాబట్టి వాడేవాళ్లకు ఆ సంగతి తెలియదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మాత్రం ఉంటుంది.

మూడోది అదుపు తప్పిన షుగర్. రక్తంలో చక్కెర ఎక్కువై మూత్రం ఎక్కువగా పోతున్నప్పుడు దాంతో పాటే మెగ్నీషియమూ పోతుంది. నాలుగోది మద్యం. అది మూత్రంలో నష్టాన్ని పెంచుతుంది, తాగేవాళ్ల తిండీ తగ్గిపోతుంది. ఐదోది ఎడతెగని విరేచనాలు, పేగు జబ్బులు, పేగుకు జరిగిన ఆపరేషన్లు. ఇవి కాక సిస్‌ప్లాటిన్ లాంటి కొన్ని కాన్సర్ మందులు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్ కూడా మెగ్నీషియాన్ని తగ్గిస్తాయి.

డెబ్బై ఏళ్ల మనిషికి షుగర్ ఉండి, నీరు లాగే మందు కలిసిన బీపీ బిళ్ళ, రోజూ గ్యాస్ బిళ్ళ నడుస్తున్నాయనుకోండి. మూడు చిల్లులు ఒకే కుండకు పడ్డట్టే. పైగా వయసుతో పేగు పీల్చుకునే శక్తి తగ్గుతుంది, తిండీ తగ్గుతుంది. ఆయన నీరసంగా ఉంది, కాళ్లు లాగుతున్నాయి అంటే వయసు ప్రభావమని సరిపెట్టేస్తాం. ఇంట్లో ముందు చూడాల్సింది ఆయన్నే.

మన తిండిలో మెగ్నీషియం ఎందుకు తగ్గింది?

ముఖ్యంగా తెల్లటి బియ్యం వల్ల. గింజలో మెగ్నీషియం ఎక్కువగా తవుడులో, మొలక భాగంలో ఉంటుంది. బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు పోయేవి సరిగ్గా ఆ రెండే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో మెగ్నీషియం సుమారు 20 మి.గ్రా. మాత్రమే. దంపుడు బియ్యంలో 90 మి.గ్రా. పైన ఉంటుంది. గోధుమపిండిలో సుమారు 125, జొన్నల్లో 130 పైన, రాగుల్లో 145 దాకా ఉంటుంది. గంజి వార్చి వండితే ఉన్న ఆ కాస్తలోనూ కొంత గంజితో పోతుంది.

పాలిష్ బియ్యం ఈ సంస్థకు పాత పరిచయమే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు పెట్టిన చిన్న విభాగమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరి బి1 విటమిన్ లోపం వల్ల వస్తుంది, ఆ విటమిన్ కూడా తవుడుతోనే పోతుంది. ఒంట్లో ఆ విటమిన్ పనిచేయడానికి మళ్లీ మెగ్నీషియమే కావాలి.

రోజుకు మగవాళ్లకు 440 మి.గ్రా., ఆడవాళ్లకు 370 మి.గ్రా. మెగ్నీషియం ఉండాలని ఇదే సంస్థ 2020లో సిఫారసు చేసింది. రోజుకు 300 గ్రాముల తెల్ల బియ్యం వండుకుంటే వచ్చేది 60 మి.గ్రా. అందులో 100 గ్రాములు తీసేసి ఆ చోట జొన్నరొట్టె తింటే 170 దాటుతుంది. ఒక్క పూట మార్పుతో 110 మి.గ్రా. పైగా కలిసొచ్చింది. గుప్పెడు వేరుశనగలు మరో 50 మి.గ్రా. ఇస్తాయి. నువ్వుల్లో 100 గ్రాములకు 350 దాకా ఉంటుంది కాబట్టి రెండు చెంచాల నువ్వులపొడి కూడా లెక్కలోకి వస్తుంది. పెసలు, ఉలవలు, శనగలు, కందిపప్పు, ఆకుకూరలు అన్నిట్లోనూ ఉంది. ఆకు పచ్చగా ఉండడానికి కారణమైన పత్రహరితం నడిమధ్యలో ఉండేది మెగ్నీషియం అణువే.

తిన్న మెగ్నీషియంలో ఒంటికి పట్టేది సుమారు మూడో వంతు. గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం కొంత అడ్డుపడుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. రాగి అంబలి, ఇడ్లీ దోసెల పిండి, మొలకెత్తిన పెసలు ఆ పని ఎప్పటి నుంచో చేసి పెడుతున్నాయి.

నల్లగండ్లకు కాస్త దూరంలోనే పటాన్‌చెరు ఉంది. అక్కడ 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ దశాబ్దాలుగా పనిచేసిన ప్రధాన పంటలు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. ఈ ఐదూ మెగ్నీషియం మెండుగా ఉన్నవే, ఈ నేలలో పండేవే. ఇవి మన కంచంలోకి తిరిగి రావాలి.

ఆర్‌ఓ నీళ్ల వల్ల కూడా లోపం వస్తుందా?

నీళ్లు ఒక్కటే కారణంగా రాదు. కానీ నీళ్లలో వచ్చే వాటా పోతుంది. ఈ ప్రాంతమంతా గ్రానైట్ రాతి నేల. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి, కుళాయిల మీద, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే పొలుసులో అవీ ఉంటాయి. చాలా అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంటు పెట్టి, దాంట్లో ఉప్పు బస్తాలు పోస్తుంటారు. ఆ ప్లాంటు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. మిగిలింది వంటింట్లో ఆర్‌ఓ తీసేస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో మెగ్నీషియానికి పెట్టిన హద్దు లీటరుకు 30 మి.గ్రా. వేరే నీటివనరు లేనప్పుడు 100 దాకా ఒప్పుకుంటుంది. 30 మి.గ్రా. ఉన్న నీళ్లు రోజుకు రెండున్నర లీటర్లు తాగితే 75 మి.గ్రా. వస్తుంది. మగవాళ్ల రోజు అవసరంలో అది దాదాపు ఆరో వంతు. ఆర్‌ఓ నీళ్లలో ఆ వాటా దాదాపు సున్నా. తిండి బాగున్నవాళ్లకు ఇది పెద్ద నష్టం కాదు. తెల్లన్నం, మైదా మీదే గడిపేవాళ్లకు మాత్రం లోటు మీద లోటు.

అలాగని ఆర్‌ఓ పీకేసి బోరు నీళ్లు తాగమని కాదు. తెలంగాణ భూగర్భజలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువ. నల్లగొండ పల్లెలు ఫ్లోరైడ్‌కు చెల్లించిన మూల్యం మనకు తెలుసు. ముందు మీ నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులో ఉండి, నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్, లీటరుకు 500 మి.గ్రా. లోపు ఉంటే ఆర్‌ఓ అవసరం లేదు. క్రిములను చంపే యూవీ ఫిల్టర్ చాలు. హైదరాబాద్ జలమండలి నీళ్లు వచ్చే ఇళ్లు ముందుగా ఈ లెక్క చూసుకోవాలి.

షుగర్‌కి, ఫ్యాటీ లివర్‌కి కూడా ఇదే కారణమా?

నల్లగండ్ల పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది, 71 శాతం మంది ఊబకాయులు. ఆ అధ్యయనం కాలేయం గురించి, మెగ్నీషియం గురించి కాదు. కానీ ఈ రెండిటికీ మధ్య ఇన్సులిన్ మీదుగా ఒక దారి ఉంది. ఇన్సులిన్ కణం తలుపు దగ్గరకు వచ్చాక లోపల జరగాల్సిన పనికి మెగ్నీషియం కావాలి. అది తగ్గితే ఇన్సులిన్ పట్టు సడలుతుంది, షుగర్ పెరిగితే మూత్రంలో మెగ్నీషియం ఇంకా పోతుంది. ఒకదాన్నొకటి కిందికి లాగుతాయి. మెగ్నీషియం బాగా ఉన్న తిండి తినేవాళ్లలో షుగర్ జబ్బు తక్కువగా వస్తుందని పెద్ద పరిశీలనలు చెబుతున్నాయి. అయితే అలాంటి తిండిలో పీచు, పప్పులు, ఆకుకూరలు కూడా ఉంటాయి కాబట్టి ఘనతంతా మెగ్నీషియానికే ఇవ్వలేం. బిళ్ళ వేసుకుంటే కాలేయంలో కొవ్వు కరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పరీక్ష ఎలా చేస్తారు? ఫలితం ఎలా చదవాలి?

సీరం మెగ్నీషియం అనే మామూలు రక్తపరీక్షే. చాలా హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇది ఉండదు, అడిగి చేయించుకోవాలి. సాధారణంగా డెసిలీటరుకు 1.7 నుంచి 2.4 మి.గ్రా. మధ్య ఉంటుంది, ల్యాబును బట్టి హద్దులు కొంచెం మారతాయి. అంకె తక్కువుంటే లోపం ఉన్నట్టే. అంకె బాగుంటే లోపం లేనట్టేనని మాత్రం చెప్పలేం. రక్తంలో ఉండేది ఒక శాతం లోపే కదా, ఆ కాస్త తగ్గకుండా ఒళ్లు ఎముకల నుంచి తెచ్చి సర్దుతుంటుంది. అందుకే డాక్టర్లు అంకెతో పాటు మనిషి లక్షణాలు, వాడే మందులు, పొటాషియం, కాల్షియం కలిపి చూస్తారు. మూత్రంలో మెగ్నీషియం కూడా కొలిస్తే అది మూత్రపిండాల దారిలో పోతోందా, పేగు దారిలో పోతోందా తెలుస్తుంది.

బిళ్ళ వేసుకోవచ్చా?

లోపం తేలితే తప్పకుండా వేసుకోవాలి. తీవ్రమైతే ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తారు. ప్రసవ సమయంలో బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదమున్న తల్లులకు ఇచ్చేదీ ఇదే మందు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరిశోధనలో ఇది ఆ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించింది. అవసరమైన చోట మెగ్నీషియం ప్రాణం నిలబెట్టే మందు.

సొంతంగా కొనుక్కునేటప్పుడు మూడు సంగతులు చూడాలి. ఒకటి, డబ్బా మీది పెద్ద అంకె మెగ్నీషియం లెక్క కాకపోవచ్చు. 500 మి.గ్రా. గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం సుమారు 70 మి.గ్రా. మాత్రమే. ఆక్సైడ్ రకంలో మెగ్నీషియం ఎక్కువే గానీ ఒంటికి పట్టేది తక్కువ, విరేచనాలవుతాయి. రెండు, థైరాయిడ్ బిళ్ళ, కొన్ని యాంటీబయాటిక్‌లు, ఎముకల బలానికిచ్చే కొన్ని మందులు మెగ్నీషియంతో కలిస్తే ఒంటికి పట్టవు. థైరాయిడ్ బిళ్ళకు, దీనికి కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా మెగ్నీషియం ఏ రూపంలోనూ తీసుకోకూడదు, మలబద్ధకానికి తాగే, మెగ్నీషియం ఉన్న తెల్లటి మందు కూడా. వాళ్ల ఒంట్లో అది పేరుకుపోయి బీపీ పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి ఆడడం కష్టమవుతుంది. షుగర్, బీపీ ఏళ్లుగా ఉన్న పెద్దవాళ్లలో మూత్రపిండాలు తెలియకుండానే బలహీనపడి ఉండవచ్చు. కొడుకు కోసం తెప్పించిన డబ్బా లోంచి అమ్మకో నాన్నకో ప్రేమగా ఒక బిళ్ళ ఇచ్చే ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడాల్సింది అందుకే.

ముందుగా ఏం చేయాలి?

ఇంట్లో పెద్దవాళ్లు వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బల్ల మీద పరచండి. ఏ మందు ఎందుకు, ఎన్నేళ్లుగా, ఇంకా అవసరమా అని ఒక్కొక్కటి అడగండి. ముఖ్యంగా గ్యాస్ బిళ్ళ గురించి అడగండి. సొంతంగా ఆపేయకండి, కొందరికి అది నిజంగానే అవసరం. మెగ్నీషియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ నాలుగూ ఒకేసారి చేయించమని కోరండి. గుండె దడ, మూర్ఛ, చేతివేళ్లు కొంకర్లు పోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఆరోగ్యంగా ఉన్న మిగతావాళ్లు బిళ్ళతో కాక కంచంతో మొదలుపెట్టాలి. రోజులో ఒక పూట జొన్నో రాగో, రోజూ ఒక ఆకుకూర, గుప్పెడు వేరుశనగలు, వారంలో రెండు మూడుసార్లు మొలకలు. వీటికి డాక్టరు చీటీ అక్కర్లేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం పొటాషియం సంగతీ చూసుకోవాలి కాబట్టి తిండి మార్పుకూ డాక్టరును అడగాలి. మెగ్నీషియం తగ్గిందని కాగితం మీద తేలినప్పుడు ఏ బిళ్ళ వేసుకోవాలన్నది రెండో ప్రశ్న. ఎందుకు తగ్గిందన్నది మొదటిది. దానికి జవాబు దొరికేదాకా వైద్యం సగమే అయినట్టు.